దేవుడి దగ్గర దాచిన చాకు

ఆ రోజు ఉదయం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. జేబులో చాకు లేకుండా ఇల్లు దాటాలి, ఆ సంగతి భార్యకు తెలియకూడదు. అంతే.

ఆయన బడిలో పాఠాలు చెప్పే మాస్టారు కాదు. గాజు సామాను తయారుచేసే కంపెనీలో ప్యాకింగ్ విభాగానికి పెద్ద. ఆయన సర్దించిన పెట్టెను మెట్ల మీద నుంచి దొర్లించినా లోపల గ్లాసును గ్లాసు తాకదని పేరు. ఆ పేరు ఆయనకూ తెలుసు. ఎవరైనా మరిచిపోయినట్టు కనిపిస్తే గుర్తు చేయడానికి మొహమాటపడేవారు కాదు.

ఆ చేతికి తగినదే ఆ చాకు. అరచేతిలో ఇమిడే మడత చాకు. చెక్క పిడి, పిడికి ఇత్తడి మేకులు, నూరి నూరి సన్నబడిన అలుగు. వయసు మీద పడి దాని బిగువు కాస్త సడలింది. అందుకని అప్పుడప్పుడు జేబులో దానంతట అదే తెరుచుకునేది. పెళ్ళైనప్పటి నుంచి ఆ ఇంట్లో తేలకుండా ఉండిపోయిన వ్యాజ్యం ఆ చాకు ఒక్కటే.

"మీ ప్యాంటు జేబులకి నేను వేసిన కుట్లన్నీ కలిపితే ఇంకో ప్యాంటు తయారయ్యేది" అనేది ఆవిడ.

"మొన్న బిగుసుకుపోయిన డబ్బా మూత ఎవరు తీశారు? నీ కళ్ళజోడు మర ఎవరు బిగించారు?" అనేవారు ఆయన.

"మీరు బిగించాకే కదా అద్దం ఊడింది! సరే, అదీ వదిలేయండి. పొద్దున టేపు కోస్తారు, మధ్యాహ్నం అదే చాకుతో పండు కోస్తారు. తింటే పండు రుచి కాదు, జిగురు రుచి."

"కడుగుతానోయ్!"

"దేంతో? జేబురుమాలుతో తుడవడాన్ని మా ఇంట్లో కడగడం అనరు."

ఆ వ్యాజ్యం అలా సుఖంగా సాగిపోతూ ఉండగా కంపెనీ మధ్యలో దూరింది. వేరే శాఖలో ఎవరో తాడు కోయబోయి బొటనవేలు కోసుకున్నారట. ఇకమీదట సొంత చాకులు ఎవరూ లోపలికి తేకూడదన్నారు. కంపెనీయే అందరికీ భద్రమైన కట్టర్లు ఇస్తుందన్నారు. ఈ కొత్త పద్ధతిని నడిపించడానికి భద్రతాధికారి అనే కొత్త పదవి పెట్టారు. ఇన్నేళ్ళలో ప్యాకింగ్ విభాగంలో ఒక్కరికైనా గీత పడలేదు కనుక మేనేజరు మాస్టారి పేరే పంపాడు. పైఆఫీసు నుంచి తనిఖీ అధికారిణి వస్తుంది, ఒక రోజు ఆయన పనితీరు చూస్తుంది, సాయంత్రం పదవి ఖాయం చేస్తుంది. ఆ పదవి కోసం మాస్టారు మనుషులెవరినీ అడగలేదు. దేవుణ్ణి మాత్రం రోజూ అడిగారు.

అంత శుభవార్తనూ ఆయన ఇంట్లో చెప్పారు కానీ, సగమే చెప్పారు. చాకు ప్రమాదమని కంపెనీ కూడా ఒప్పుకుందని చెబితే ఇన్నేళ్ళ వ్యాజ్యం ఒక్క పూటలో ఓడిపోయినట్టే. కనుక పదవి సంగతి చెప్పి, చాకు సంగతి మింగేశారు.

ఇక దాన్ని ఎక్కడ పెట్టాలి? బీరువా ఆవిడది. వంటగది ఆవిడది. సొరుగులు పేరుకు ఆయనవే గానీ సర్దేది ఆవిడే. బాగా ఆలోచించి, స్నానం చేసి వచ్చి దండం పెట్టుకుంటూ, చాకును దేవుడి పటం వెనక పెట్టారు. "స్వామీ, సాయంత్రం దాకా చూసుకో" అని నిశ్చింతగా ఫలహారానికి కూర్చున్నారు. మనం అప్పగించినవన్నీ దేవుడు దాచిపెడతాడనే అనుకుంటాం. తిరిగి ఇచ్చేయడం కూడా ఆయన అలవాటేనని ఆ సమయానికి గుర్తుకు రాదు.

ఆయన ఫలహారం తింటున్న వేళకే ఆవిడ దీపం వెలిగించడానికి వెళ్ళింది. వాడిన పూలు తీస్తుంటే పటం వెనక చెయ్యి తగిలి చాకు బయటపడింది. ఆవిడ ఒక నిమిషం దాన్నే చూస్తూ నిలబడిపోయింది. ఇంత ముఖ్యమైన రోజున ఆయన తన పనిముట్టును దేవుడి దగ్గర పెట్టి దీవెన అడిగారన్నమాట! పెట్టి, ఎప్పటిలాగే మరిచిపోయారన్నమాట!

చేతికి ఇవ్వాలనే అనుకుంది. కానీ చేతికిస్తే, "చూశావా, చివరికి నువ్వే అందించావు" అని బతికున్నన్నాళ్ళూ అంటారు. అందుకని శుభ్రంగా సబ్బుతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, క్యారియర్ పైగిన్నెలో ఆపిల్ పండు పక్కన పడుకోబెట్టి మూత బిగించింది. మధ్యాహ్నం తెరిచి ఆయనే ఆశ్చర్యపోతారు.

రోజూ ఆయన గుమ్మం దాటుతుంటే ఆవిడ, "ఆ చాకు ఇంట్లో పడేసి వెళ్ళండి" అనేది. ఆ రోజు అనలేదు. క్యారియర్ అందించి నవ్వింది. అనుమానించవలసింది అక్కడే.

కంపెనీ గేటు దగ్గర పనివాళ్ళంతా వరసగా నిలబడ్డారు. కాపలాదారు చేతిలో కొత్తగా వచ్చిన యంత్రం ఉంది. లోహం కనిపిస్తే కూస్తుంది. అతనికి కంపెనీలో 'తాళం' అని పేరు. ఏదైనా ఒకసారి మూశాడంటే మూసినట్టే, చెప్పింది చెప్పినట్టే చేస్తాడు, ఆలోచించడం మాత్రం తన జీతంలోకి రాదని నమ్ముతాడు. పక్కనే మేనేజరు, ఆయన పక్కన తనిఖీ అధికారిణి. ఆవిడ పొడవైన మనిషి, బిగించి కట్టిన ముడి, మెడలో వెడల్పాటి పట్టీకి వేలాడుతున్న గుర్తింపు కార్డు.

మాస్టారు మెట్టు ఎక్కి అందరికీ కనిపించేలా నిలబడ్డారు. ముందుగా తన జేబులు రెండూ బయటికి లాగి చూపించారు. చిల్లులు తప్ప ఏమీ లేవు.

"చూశారుగా? నేనే చాకు వదిలి వచ్చాను. ఇంక మీరెంత? తెచ్చినవాళ్ళు ఈ ఇనపపెట్టెలో వేసేయండి. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు తీసుకోండి. ఏమయ్యా తాళం, సాయంత్రం దాకా ఆ పెట్టె తియ్యకు. ఎవరడిగినా తియ్యకు. నేనడిగినా తియ్యకు!"

"అట్లాగే మాస్టారూ."

"ఇదయ్యాక ఎవరి దగ్గరైనా చాకు దొరికిందో, వాళ్ళు ఎంతటివాళ్ళయినా సరే, ఆ రోజుకి గేటు బయటే. లోపలికి రానిచ్చేది లేదు."

"ఎంతటివాళ్ళయినా అంటే మీరైనా కూడానా మాస్టారూ?" అని వెనకనుంచి బండి నడిపే అతను అడిగాడు. అతన్ని అందరూ 'ఆకలి' అంటారు. ఎందుకంటారో భోజనాల వేళ చూస్తే తెలుస్తుంది.

"నేనేంటి, ఆ పైనున్న దేవుడైనా సరే!" అన్నారు మాస్టారు.

అధికారిణి తల పంకించింది. మేనేజరు ఆవిడ తల పంకించడం చూసి తనూ పంకించాడు. తాళం ఒక్కొక్కరినీ యంత్రంతో తడిమాడు. క్యారియర్లు తడమబోతే ప్రతి క్యారియరూ కూసింది, స్టీలువి కదా! దాంతో మాస్టారే, "క్యారియర్లు వదిలేయవోయ్, అన్నంలో కత్తులు ఎవరు పెట్టుకుంటారు?" అని నవ్వి దాటించారు. అధికారిణి సంచీ జోలికి తాళం పోలేదు. తనిఖీ చేసేవాళ్ళని తనిఖీ చేయమని ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం దాకా అంతా పువ్వులా నడిచింది. మాస్టారు పెట్టెల్ని మోసుకుపోయే బెల్టు పక్కన నడుస్తూ, ప్రతి బెల్టుకీ ఎర్ర మీట ఎక్కడుందో, ఏదైనా ఇరుక్కుంటే ఎలా నొక్కాలో అధికారిణికి వివరించారు. ఆవిడ అడిగిన ప్రశ్నలకు వెతుక్కోకుండా జవాబు చెప్పారు. భోజనాల గంట మోగేసరికి సాయంత్రం ఇంటికి వెళ్ళి ఏం చెప్పాలో కూడా మనసులో రాసుకున్నారు.

అధికారిణి భోజనాల గదిలో ఆయన పక్కనే కూర్చుంది. మాస్టారు క్యారియర్ మూత తీశారు.

పైగిన్నెలో ఎర్రగా ఆపిల్. దాని పక్కన, అమ్మ పక్కలో బిడ్డలా, చాకు.

మూత తీసిన వేగం కన్నా వేసిన వేగం ఎక్కువ.

"ఏమైందండీ?" అంది అధికారిణి.

"ఏం లేదు మేడమ్. ఇవాళ నాకు ఉపవాసం. మరిచిపోయి మూత తీశాను." నోటికి వచ్చిన అబద్ధం అది. దేవుడి పేరు మీద వచ్చిందే అని తరువాత ఆయన చాలా బాధపడ్డారు గానీ, అప్పటికి తీరిక లేదు.

"ఉపవాసమా! ఇంత పని పెట్టుకునా?" అని మేనేజరు ఆశ్చర్యపోయాడు.

"ఉపవాసముండి క్యారియర్ ఎందుకు తెచ్చుకున్నారు మాస్టారూ?" అన్నాడు ఆకలి, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

"అది... ఆకలితో ఉన్నవాళ్ళకి పెడదామని."

అన్న మాటకు ఎంత బలముంటుందో అప్పుడు తెలిసింది. "అంటే నాకే!" అని ఆకలి రెండు చేతులూ చాచాడు. "గొప్ప ఆలోచన" అంది అధికారిణి, కళ్ళు కూడా కాస్త చెమర్చాయి. క్యారియర్ పిడి ఒక పక్క ఆకలి, ఒక పక్క మాస్టారు పట్టుకున్నారు.

"ఉండవయ్యా, వేడి చేసి తెస్తాను" అన్నారు మాస్టారు.

"చల్లగా ఉన్నా తింటాను మాస్టారూ."

"నువ్వు తింటావు. నేను పెట్టను. పెట్టేవాడికి ఒక పద్ధతుంటుంది." క్యారియర్ లాక్కుని వెళ్ళిపోయారు.

ప్యాకింగ్ హాల్లో మనిషి లేడు. మాస్టారు ఒక బల్ల చాటుకు పోయి, మూత తీసి, చాకు చేతిలోకి తీసుకున్నారు. నిగనిగలాడుతోంది. ఆయన దగ్గర అది ఎన్నడూ అంత శుభ్రంగా లేదు. "స్వామీ, సాయంత్రం దాకా అన్నాను కదా!" అని గొణుక్కున్నారు. దేవుడు వినలేదా, విని వేరేగా అర్థం చేసుకున్నాడా అన్నది ఆలోచించేలోపే తలుపు దగ్గర బూట్ల చప్పుడయ్యింది. మేనేజరు, వెనకే యంత్రంతో తాళం.

"మాస్టారూ, మీరు చెప్పినట్టే భోజనాల మధ్యలో చెప్పకుండా తనిఖీ మొదలుపెట్టాం. భలే ఉపాయం చెప్పారు!" అన్నాడు మేనేజరు.

ఆ ఉపాయం తనదేనని మాస్టారికి గుర్తొచ్చింది. చెయ్యి దానంతట అదే పక్కనున్న తెరిచిన పెట్టెలోకి పోయింది. గ్లాసుల మధ్య గడ్డిలోకి చాకు జారిపోయింది. యంత్రం ఆయన ఒంటి మీద పైనుంచి కిందికి తిరిగింది, ఒక్క కూత కూడా లేదు.

"బంగారం" అన్నాడు తాళం.

తరువాత మేనేజరు భుజం మీద చెయ్యి వేసి, తన చిన్నప్పటి ఉపవాసాల గురించి మొదలుపెట్టాడు. ఆ కథ మధ్యలో ఆకలి వచ్చి క్యారియర్ పట్టుకుపోయాడు. కథ చివరికి గంట మోగింది. పనివాళ్ళు వచ్చారు. మాస్టారి కళ్ళ ముందే ఒకతను ఆ పెట్టె మూసి, టేపు వేసి, దాని చుట్టూ గట్టి ప్లాస్టిక్ పట్టీలు మిషనుతో బిగించి, బెల్టు మీదికి తోశాడు. పట్టీ ఒక్కటైనా సడలలేదు. ఆ బిగువు నేర్పింది మాస్టారే.

పోనీలే, అనుకున్నారు. పెట్టె పోతుంది, చాకూ పోతుంది, పదవి నిలుస్తుంది. ఏ ఊళ్ళోనో ఎవరో గ్లాసులతో పాటు ఒక చాకు దొరికిందని సంతోషిస్తారు. మంచిదే.

పెట్టె బెల్టు మీద కదిలింది. టింగ్.

బెల్టు కుదుపుకి పెట్టె మళ్ళీ మోగింది. టింగ్, టింగ్. ఇన్నేళ్ళలో ఆయన విభాగం నుంచి బయటికి పోయిన ఏ పెట్టె కూడా అలా మోగలేదు. ఒక క్షణం ఆయనకు పదవి కూడా గుర్తు రాలేదు, పరువు గుర్తొచ్చింది.

అధికారిణి చెవి పాముచెవి. "మాస్టారూ, ఇందులో ఏదో మోగుతోందే?" అంటూ బెల్టు పక్కనే నడుస్తూ వంగి, పెట్టెకు చెవి ఆనించింది. మెడలోని కార్డు వేలాడి, బెల్టుకీ కింద తిరిగే రోలరుకీ మధ్యలో దూరింది.

మాస్టారు ఎంత వేగంగా దూకారో తరువాత ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. ఆవిడ అరిచేలోపే ఎర్ర మీట నొక్కేశారు. బెల్టు నిలిచిపోయింది.

ప్రమాదం తప్పింది. అవమానం మాత్రం మిగిలింది. కార్డు, దాని కొక్కెం, పట్టీలో చాలా భాగం లోపలికి పోయాయి. మిగిలిన పట్టీ గొంతుకు బిగుసుకోలేదు గానీ, ముడి దాటి తల బయటికి తీసుకోవడానికి చాలలేదు. ఆవిడ పెట్టె మీద చెంప ఆనించి, నిద్రపోతున్న భంగిమలో వంగి ఉండిపోయింది. మాట మాత్రం మేలుకునే ఉంది.

"వెనక్కి తిప్పండి!"

"వెనక్కి తిరగదు మేడమ్. మోటారు విప్పాలి" అన్నాడు మేనేజరు. "పట్టీ కోసేస్తే సరిపోతుంది. ఎవరిదగ్గరైనా చాకుందా?"

నిన్నటిదాకా ఆ హాల్లో చాకు లేని జేబు లేదు. ఇప్పుడు అందరూ మాస్టారి వంక చూశారు.

"కొత్త కట్టర్లు తెండి!" అన్నారు మాస్టారు.

తెచ్చారు. ప్రతి కట్టరూ మందపాటి ప్లాస్టిక్ అచ్చులో అతికించి ఉంది. ఒకతను గోళ్ళతో పీకాడు. ఇంకొకతను పళ్ళతో లాగి దవడ పట్టుకున్నాడు. మేనేజరు వెనక రాసింది చదివాడు. "తెరవడానికి పదునైన కత్తి వాడమని రాశారండీ."

"గేటు దగ్గర పెట్టెడు చాకులున్నాయి కదా!" అంది అధికారిణి, పెట్టె మీద నుంచే.

ఒకతను పరుగెత్తాడు, వట్టి చేతులతో తిరిగొచ్చాడు. వెనకే తాళం, తాళంచెవి బొడ్లో దోపుకుని వచ్చాడు.

"పెట్టె తియ్యవయ్యా!" అని మాస్టారు అరిచారు.

"సాయంత్రం మాస్టారూ."

"నేనే అడుగుతున్నాను!"

"నేనడిగినా తియ్యకు అన్నారు కదా. అందుకే మరీ జాగ్రత్తగా ఉన్నాను."

"అయ్యా, మేనేజరుని, నేను చెప్తున్నాను" అన్నాడు మేనేజరు.

"ఎవరడిగినా అన్నారండీ. మీరు కూడా ఎవరో ఒకరే కదా."

మాస్టారు అధికారిణి వంక చూశారు. ఆవిడ మెడ మీద పట్టీ ఒరుసుకుని ఎర్రబడుతోంది. చెవి సరిగ్గా ఆయన చాకు మీద ఉంది. నోరు మూసుకుంటే, మోటారు విప్పేదాకా ఆవిడ అలాగే ఉంటుంది, పదవి మిగులుతుంది. ఆయన ఎక్కువసేపు లెక్క వేయలేదు. పదవి అడిగింది మనుషులకు దెబ్బ తగలకుండా చూడటానికే అని దేవుడికి చెప్పుకున్నది తనే కదా. చొక్కా చేతులు పైకి మడిచి, పెట్టె మీదికి వంగి, రెండు చేతులతో ప్లాస్టిక్ పట్టీ లాగడం మొదలుపెట్టారు.

"నా తల విడిపించమంటే పెట్టె విప్పుతారేంటండీ?" అంది ఆవిడ.

"రెండూ ఒకటే మేడమ్. కాస్త ఓర్చుకోండి."

సరిగ్గా అప్పుడే బల్ల మీద పెట్టిన ఆయన ఫోను మోగింది. చేతులు ఖాళీ లేవు. ఆకలి సాయం చేద్దామని దాన్ని తీసి, "అక్కగారండీ" అంటూ మీట నొక్కి ఆయన ముఖం దగ్గర పెట్టాడు. ఆ ఫోను చెవి దగ్గర వినిపించక చాలా కాలమైంది. పెద్దగొంతు మీదే పనిచేస్తుంది. నిశ్శబ్దంగా ఉన్న హాలంతా ఇల్లాలి గొంతుతో నిండిపోయింది.

"ఏవండీ, చాకు అందిందా? పొద్దున దేవుడి పటం వెనక పెట్టి మరిచిపోయారు. నేనే కడిగి క్యారియర్లో పెట్టాను. ఆపిల్ కోసుకున్నారా?"

ఆకలి ఫోనును మాస్టారి నోటికి ఇంకాస్త దగ్గరగా జరిపాడు.

"వినిపిస్తోందా? ఇన్నేళ్ళూ వద్దన్నదాన్ని నేనే పంపానని ఎగతాళి చేస్తున్నారు కదూ మనసులో? మీరు అది లేకుండా అంత పెద్ద పనికి పోతే నాకే తోచదు. సరే, పనిలో ఉన్నట్టున్నారు, పెట్టేస్తున్నా."

ఫోను ఆగిపోయింది. హాల్లో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అన్నంలో కత్తులు ఎవరు పెట్టుకుంటారు..." అని ఎవరో మెల్లిగా అన్నారు.

అధికారిణి పెట్టె మీద నుంచి కదలకుండానే అడిగింది. "ఆ చాకు ఎక్కడుంది మాస్టారూ?"

"మీ చెవి కింద, మేడమ్."

"మోగుతున్నది అదేనా?"

"అదే. మా గ్లాసులు మోగవండి." ఆ స్థితిలో కూడా ఆ మాట అనకుండా ఉండలేకపోయారు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. ఆ తరువాత, ఒప్పుకోలు చెప్పే గొంతుతో, "నా సంచీ తీసుకురండి. లోపలి అరకి జిప్పుంది. తెరవండి" అంది.

మేనేజరు సంచీ తెచ్చి జిప్పు లాగాడు. లోపల చెయ్యి పెట్టి, తీసి, తన అరచేతిని తనే నమ్మలేనట్టు చూసుకున్నాడు. ఎర్ర పిడి ఉన్న చిన్న మడత చాకు.

"ప్రయాణాల్లో పండు కోసుకోవడానికి" అంది అధికారిణి. "ఇంతకు మించి ఎవరూ ఏమీ అడగకండి."

మాస్టారు దాన్ని అందుకుని తెరిచారు. ఆవిడ మెడకూ పట్టీకీ మధ్య తన వేలు పెట్టి, అంచు బయటి వైపుకు తిప్పి, ఒక్క లాగుకు కోసేశారు. ఆవిడ నిటారుగా లేచి నిలబడింది. ముడి ఒక పక్కకు ఒరిగింది, చెంప మీద పెట్టె గుర్తు అచ్చు పడింది. "కోయడం కూడా తెలుసు మీకు" అంది.

మాస్టారు చాకు మడిచి మర్యాదగా ఆవిడకు ఇచ్చారు. తరువాత అందరి వంకా తిరిగి, పొద్దున మెట్టెక్కిన గొంతుతోనే చెప్పారు. "చాకు దొరికినవాళ్ళు ఎంతటివాళ్ళయినా ఆ రోజుకి గేటు బయటే అన్నాను. నా దగ్గర దొరికింది. నేను పోతున్నాను. ఆ పెట్టె విప్పి మళ్ళీ సర్దండి. మోగకూడదు."

తల వంచకుండా నడిచి వెళ్ళారు. గేటు దగ్గరికి చేరేసరికి వెనక అడుగుల చప్పుడు. అధికారిణి సంచీ భుజాన వేసుకుని వస్తోంది.

"మీరెందుకు మేడమ్?"

"ఎంతటివాళ్ళయినా అన్నారు కదా. వినే ఉన్నాను."

తాళం ఇద్దరికీ ఆనందంగా గేటు తీశాడు. వాళ్ళు దాటగానే ఇంకా ఆనందంగా వేశాడు. అతని ఉద్యోగంలో అంత పెద్దవాళ్ళని బయటికి పంపడం అదే మొదటిసారి. మేనేజరు లోపలినుంచి ఊచలు పట్టుకుని, "మేడమ్, లోపలికి రండి, ఇదంతా ఏంటండీ" అని బతిమాలాడు. "రేపు రావాలండీ" అన్నాడు తాళం, ఇద్దరి తరఫునా.

గేటు బయట గోడ పక్కన ఒక సిమెంటు బల్ల ఉంది. ఇద్దరూ కూర్చున్నారు. కాసేపటికి ఆకలి ఊచల మధ్యనుంచి కడిగిన క్యారియర్ అందించాడు. "భోజనం బాగుంది మాస్టారూ, అక్కగారికి చెప్పండి. పండు మాత్రం ఉంచాను. చాకు లేకుండా నాకు కోసుకోవడం రాదు."

అధికారిణి ఎర్ర పిడి చాకు తీసి మాస్టారికి ఇచ్చింది. ఆయన ఆపిల్ తొక్క ఒకే తీగలా, తెగకుండా తీసి, పండు ముక్కలు చేసి సగం ఆవిడకు ఇచ్చారు.

"మీకు ఉపవాసం కదా?" అంది.

"లేదు మేడమ్. అది అబద్ధం. పొద్దున్నుంచి చెప్పిన వాటిలో అదొక్కటే నన్ను కొరుకుతోంది." ముక్క నోట్లో పెట్టుకున్నారు. "పైవాడికి సాయంత్రం విడిగా చెప్పుకోవాలి."

ఆవిడ నవ్వింది. ముక్క తింటూ గేటు వంక చూసింది. "చాకు వల్ల ఒకడి వేలు తెగింది. నిజమే. చాకు లేక ఇవాళ నేను గంట సేపు పెట్టెని కౌగిలించుకుని ఉండేదాన్ని. అదీ నిజమే. మీరేమంటారు?"

"మా ఇంట్లో ఈ వాదన పెళ్ళప్పటి నుంచి నడుస్తోందండి. ఇంకా తేలలేదు."

"మీరు నిజం చెప్పండి. అది ఉండాలా, వద్దా?"

మాస్టారు ఆలోచించారు. "అందరి జేబులోనూ ఉంటే మా ఆవిడ చెప్పింది నిజం. ఎవరి జేబులోనూ లేకపోతే నేను చెప్పింది నిజం."

"అయితే ఒకరి జేబులో ఉండాలి" అంది అధికారిణి. "ఎర్ర మీట నొక్కేవాడి జేబులో. మీట దగ్గరికి దూకడం మీకు వచ్చు, పదవి పోతుందని తెలిసీ పెట్టె విప్పబోయారు. భద్రతాధికారి మీరే. చాకు మీ దగ్గర ఉండేలా పైకి నేను రాస్తాను."

ఆ రోజు మాస్టారు ఇంటికి వేళకు ముందే చేరారు. ఆవిడ తలుపు తీసి కంగారుపడింది. "ఏమైందండీ? ఉద్యోగం...?"

"ఖాయమైంది. గేటు బయటికి గెంటారు కూడా. రెండూ చెప్తాను, ముందు అన్నం పెట్టు."

తింటూ ఒక్కటీ దాచకుండా చెప్పారు. చాకు కావాలనే వదిలి వెళ్ళిన సంగతి దగ్గర ఆవిడ గరిటె ఆగిపోయింది.

"అంటే కంపెనీవాళ్ళు నాలాగే అన్నారన్నమాట! ఆ ముక్క నాకు చెప్పలేదు."

"నువ్వు కడిగి పెట్టిన ముక్క నువ్వు చెప్పావా?"

ఆవిడ గరిటె మళ్ళీ కదిలింది. ఇద్దరూ ఆ పూటకి ఇంక వాదించుకోలేదు. అన్నం తిన్నాక మాస్టారు దేవుడి పటం ముందు చాలాసేపు నిలబడ్డారు. అప్పగించినదాన్ని ఆయన నిలుపుకోలేదనుకోవాలో, అవసరమైన చోటికి ముందే పంపించాడనుకోవాలో తేలలేదు. ఉపవాసం అబద్ధానికి మాత్రం లెంపలు వేసుకుని, ఆ రాత్రి నిజంగానే ఏమీ తినలేదు.

కొద్ది రోజులకు పైఆఫీసు నుంచి ఆజ్ఞ వచ్చింది. మాస్టారు దాన్ని ఇంటికి తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని, ఆవిడకు వినిపించేలా చదివారు. భద్రతాధికారి తన సొంత మడత చాకును ఎల్లవేళలా తన వద్ద ఉంచుకోవలెను. ఆవిడ ముఖం చూసి మీసం మెలేశారు. కింద ఇంకో వాక్యముంది. అది చదివాక మీసం మీది చెయ్యి కిందికి దిగింది. అత్యవసరమైతే తప్ప సదరు చాకును తెరవరాదు.

"ఇన్నేళ్ళూ నేను మొత్తుకున్నదీ అదే కదండీ" అంది ఆవిడ. అని, పెట్టెలోంచి తిరిగొచ్చిన చాకు తనే తీసుకుని, అలుగు కదలకుండా ఒక రబ్బరు బ్యాండు చుట్టి, కొత్తగా మందపాటి గుడ్డ వేసి కుట్టిన జేబులో పెట్టింది.

అప్పటినుంచి మాస్టారు ఆపిల్ పండు తొక్కతోనే తింటున్నారు.